గొంతు తగ్గించుకున్న గాయకుడు

(ఒక సంగీత మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. నన్ను మాట్లాడమన్నారు అనగానే పాత సినిమా పాటల రికార్డింగ్ ముచ్చట్లు చెబుతాననుకుని వచ్చి ఉంటారు. అవి ఇంకో రోజు చెప్పుకుందాం. ఇవాళ నాతో ఒక చిన్న ప్లాస్టిక్ పెట్టె తెచ్చాను, ఇదిగో, ఈ బల్ల మీద ఉంది. దీని గురించీ, దీని ముందు తన గొంతు తగ్గించుకున్న ఒక పెద్ద గాయకుడి గురించీ చెబుతాను.

నా పని మీలో చాలామందికి తెలుసు. పాటలు మిక్స్ చేస్తాను. ఈ పనిలో చేరిన మొదటి వారంలోనే నాకొక సంగతి నేర్పారు. గొంతు వచ్చిందంటే మిగతావన్నీ కూర్చోవాలి. పల్లవి అందుకోగానే వయొలిన్లు తగ్గించాలి, కీబోర్డు తగ్గించాలి, తబలాని కాస్త వెనక్కి నెట్టాలి. మాట మాటా విడిగా వినపడాలి. "లిరిక్ మింగేస్తున్నావయ్యా" అని తిట్టు తినకుండా పైకి వచ్చిన అసిస్టెంటు మా దగ్గర ఎవరూ లేరు. మనకి సాహిత్యం ముఖ్యం, దాన్ని మోసే గొంతు ముఖ్యం. ఏ పాట అని అడిగితే పాడినవాళ్ళ పేరు ముందు చెబుతాం. ఇందులో తప్పేమీ లేదు, నేను ఇవాళ్టికీ అలాగే మిక్స్ చేస్తాను.

అందుకే, గొంతుకి చోటే లేని, ఆసిడ్ హౌస్ అనే ఒక సంగీతం పుట్టిందనీ, అందులోకి గొంతుతో బతికే ఒక గాయకుడు కోరి వెళ్ళాడనీ తెలిసినప్పుడు నాకు చాలా ఆశ్చర్యమేసింది. ఏళ్ళ తరబడి దాని వెంట పడ్డాను.

ఆ గాయకుడు బ్రిటన్‌కి చెందిన బాయ్ జార్జ్.

మా పెదనాన్న కొడుకు కువైట్ నుంచి వచ్చేటప్పుడు క్యాసెట్లు తెచ్చేవాడు. అలా వచ్చిన వాటిలో ఒక దాని అట్ట మీద ఒక ముఖం ఉంది. జడలు, జడలకి రిబ్బన్లు, కళ్ళకి దట్టంగా కాటుక, పెదాలకి రంగు. ఇది ఆడమనిషా, మగమనిషా అని ఇంటిల్లిపాదీ తగువు పడ్డాం. మా నాయనమ్మ మాత్రం క్యాసెట్ పెట్టగానే, "ఎవరైతేనేమిరా, గొంతులో ఏడుపుంది" అంది. ఆవిడకి ఇంగ్లీషు ముక్క రాదు. కానీ ఆవిడ చెప్పింది నిజం. అతని గొంతు పెద్దది కాదు, కొసకి అందే గొంతూ కాదు. కానీ వెచ్చగా ఉంటుంది, చివర్లో కొద్దిగా బొంగురుపోయి బాధగా ఆగుతుంది. సోల్ అనే పాటలు పాడే అమెరికా నల్లజాతి గాయకుల దగ్గర నేర్చుకున్న పద్ధతి అది.

అతనిది కల్చర్ క్లబ్ అనే బ్యాండు. 1982లో వాళ్ళ "డు యు రియల్లీ వాంట్ టు హర్ట్ మీ" బ్రిటన్ రికార్డు అమ్మకాల చార్టులో మొదటి స్థానానికి వెళ్ళింది. 1983లో "కర్మ కెమీలియన్" ఆరు వారాలు అక్కడే కూర్చుంది, మరుసటి ఏడు అమెరికాలోనూ మొదటి స్థానం. పాట పేరులో కర్మ అనే మాట చూసి మేం మురిసిపోయాం. ఆ రెండేళ్ళలో ప్రపంచంలో ఎక్కువమంది గుర్తుపట్టే ముఖాల్లో అతనిదొకటి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, దీనితో మళ్ళీ పని ఉంది.

తర్వాత పతనం. దాన్ని సాగదీయను. 1986 వేసవిలో అతను హెరాయిన్‌కి బానిసయ్యాడన్న సంగతి బ్రిటన్ పత్రికల మొదటి పేజీకి ఎక్కింది, పోలీసులు అరెస్టు చేశారు, ఆగస్టులో అతనితో పనిచేస్తున్న ఒక కీబోర్డు వాద్యకారుడు అతని ఇంట్లోనే చనిపోయాడు. బ్యాండు విడిపోయింది. 1987 మార్చిలో "ఎవ్రీథింగ్ ఐ ఓన్" అనే పాత పాటని జమైకావాళ్ళ రెగ్గే పద్ధతిలో పాడితే అది మళ్ళీ మొదటి స్థానానికి వెళ్ళింది. అప్పటికి అతనికి పాతికేళ్ళు. దారి తెరుచుకుంది కదా, ఇంకో నాలుగు ప్రేమ పాటలు పాడుకుంటే బతుకు సాఫీగా వెళ్ళిపోతుందని ఎవరైనా అనుకుంటారు.

ఇక్కడ అతన్ని ఆపి, ఈ పెట్టె దగ్గరికి రండి.

ఇది అసలుది కాదు, అసలుదాన్ని చూసి ఈమధ్య చేసిన నకలు. అసలుది ఇప్పుడు దొరికితే దాని ధరకి మంచి బైకు వస్తుంది. జపాన్‌లోని రోలాండ్ కంపెనీ 1981 ప్రాంతంలో టీబీ-303 అని విడుదల చేసింది. రూపకర్త తదావో కికుమోతో అనే ఇంజనీరు. ఒంటరిగా ప్రాక్టీసు చేసుకునే గిటారు వాద్యకారుడికి వెనక ఒక బేస్ గిటారు తోడుగా మోగాలి, అందుకు చేశారు. కానీ ఇది బేస్ గిటారులా మోగలేదు. స్వరాలు ఎక్కించడం పెద్ద చాకిరీ. ముందు స్వరాలు వరసగా నొక్కాలి, తర్వాత వాటి కాలప్రమాణం విడిగా నొక్కాలి, ఎక్కడైనా తప్పితే మళ్ళీ మొదటికి. ఎవరూ కొనలేదు. సుమారు పదివేలు చేసి 1984లో ఆపేశారు. సెకండ్‌హ్యాండ్ షాపుల్లో, తాకట్టు కొట్లలో చవగ్గా పడి ఉండేవి.

ఇప్పుడు వినండి. పదహారు స్వరాల వరస ఒకటి ఎక్కించి ఉంచాను. వట్టిగా మోగిస్తాను.

(పెట్టె మోగించారు.)

ఏమీ లేదు కదా. డోర్ బెల్లులా ఉంది. ఇప్పుడు పై వరసలో ఉన్న ఈ ఆరు చిన్న మీటలు చూడండి. ఎడమ నుంచి మొదటిది శ్రుతి. దాన్ని ముట్టుకోను. రెండోది వడపోత, అంటే ధ్వనిలో పై భాగాన్ని ఎంతవరకు బయటికి వదలాలో చెప్పేది. పక్కనున్నది రెజొనెన్స్, అంటే వడపోసిన చోట ధ్వని ఎంత కీచుగా మోగాలో చెప్పేది. ఎడమ చేత్తో రెండోది, కుడి చేత్తో మూడోది పట్టుకుని మెల్లగా తిప్పుతున్నాను. ఇంకా మెల్లగా.

(దాదాపు నిమిషం పాటు తిప్పుతూ వినిపించారు.)

విన్నారా? స్వరాలు అవే. ఒక్కటీ మారలేదు. కానీ ముందు బావిలోంచి వచ్చినట్టు ఉంది, తర్వాత నీళ్ళు పుక్కిలించినట్టు, తర్వాత ఎవరో ముక్కుతో ఏదో చెప్పబోతున్నట్టు, చివరికి అరిచినట్టు. ఒక స్వరం నుంచి ఇంకోదానికి ఇది జారుతుంది చూడండి, మన వీణ మీద జారు లాగా. కొన్ని స్వరాల మీద ఒత్తు పడుతుంది. ఆ ఒత్తు పడ్డప్పుడల్లా వడపోత కూడా కాస్త ఎక్కువ తెరుచుకుంటుంది. అందుకే ప్రతి ఆవృత్తం కొత్తగా ఉంటుంది. చేతిలో ఉన్నది రెండు మీటలు, కానీ నాకు ఇది గొంతులాగే వినపడుతుంది. మాటలు రాని గొంతు.

దీన్ని ఇలా తిప్పొచ్చని కనిపెట్టింది షికాగోలో ముగ్గురు నల్లజాతి కుర్రాళ్ళు. డీజే పియర్, స్పాంకీ, హెర్బ్ జే. ఫ్యూచర్ అని పేరు పెట్టుకున్నారు. వాడకం పుస్తకం లేని పాత పెట్టె ఒకటి స్పాంకీ కొన్నాడు, ఎలా వాడాలో తెలియక పియర్ మీటలు తిప్పుతూ కూర్చున్నాడు. తిప్పుతూనే ఉండు, ఆపకు అన్నాడట స్పాంకీ. అలా వచ్చిన టేపుని మ్యూజిక్ బాక్స్ అనే క్లబ్బులో పాటలు వేసే రాన్ హార్డీకి ఇచ్చారు. మొదటిసారి వేస్తే నాట్యం చేసేవాళ్ళందరూ పక్కకి వెళ్ళిపోయారు. ఆ మనిషి కాసేపాగి మళ్ళీ వేశాడు. మళ్ళీ వేశాడు. ఆ రాత్రి నాలుగోసారి వేసినప్పుడు జనం పిచ్చెత్తినట్టు ఊగిపోయారని పియర్ చాలా చోట్ల చెప్పాడు. అదే టేపుని జనం "రాన్ హార్డీ ఆసిడ్ ట్రాక్" అని పిలుచుకున్నారు. 1987లో ట్రాక్స్ అనే చిన్న కంపెనీ "ఆసిడ్ ట్రాక్స్" పేరుతో రికార్డు చేసింది. పదకొండు నిమిషాల పైచిలుకు. పల్లవి లేదు, చరణం లేదు. ఒక దరువు, ఈ పెట్టె, అంతే. షికాగో క్లబ్బుల్లో యంత్రం దరువుతో పుట్టిన నాట్య సంగీతాన్ని హౌస్ అంటారు, అందులో ఈ పెట్టె మెలికలు చేరితే ఆసిడ్ హౌస్.

ఒకటే రాత్రి నాలుగుసార్లు వేసిన రాన్ హార్డీ అంటే నాకు చాలా గౌరవం. జనం లేచి వెళ్ళిపోతుంటే మళ్ళీ అదే పాట వేయడానికి ఎంత నమ్మకం కావాలి! ఆర్కెస్ట్రాలో వాయించినవాళ్ళకి తెలుసు, ముందు వరస ఖాళీ అయితే ఎంత టెన్షన్ వస్తుందో.

ఒక్క నిమిషం పక్కదారి పడతాను, ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. షికాగో కుర్రాళ్ళకంటే ముందే, 1982లో, ముంబైలో చరణ్‌జీత్ సింగ్ అనే సినిమా సెషన్ వాద్యకారుడు ఇదే పెట్టె మీద, రోలాండ్ వాళ్ళదే డ్రమ్ యంత్రం మీద హిందుస్తానీ రాగాలు వాయించి హెచ్.ఎం.వి.కి ఒక ఎల్పీ చేశాడు. డిస్కో దరువుకి పది రాగాలు. భైరవ్, లలిత్, భూపాలీ, తోడీ, మేఘ్ మల్హార్, యమన్, మాల్కౌంస్ ఇలా. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. 2010లో ఒక డచ్ సంగీతాభిమాని దాన్ని మళ్ళీ విడుదల చేస్తే, ఆసిడ్ హౌస్ ఇండియాలో పుట్టిందని ప్రపంచమంతా రాశారు. అలా అనడం సరికాదు. షికాగోవాళ్ళకి ఈయన సంగతి తెలియదు, ఈయనకి వాళ్ళ సంగతి తెలియదు. ఒకే పెట్టె రెండు చోట్ల రెండు రకాల చేతుల్లో పడి దాదాపు ఒకేలా మోగింది. నాకు ఆశ్చర్యం అదే. మనవాళ్ళు ఆ ఎల్పీ వింటే ఇంకో సుఖం ఉంది. మాల్కౌంస్ మన హిందోళం, భూపాలీ మన మోహనం, భైరవ్ మన మాయామాళవగౌళ. "సామజవరగమన" విన్న చెవికి ఆ మాల్కౌంస్ ముక్క పెట్టండి. మొదటి అర నిమిషం నవ్వొస్తుంది, రెండో నిమిషానికి రాగం దొరికిపోతుంది, తర్వాత వదల్లేరు. చరణ్‌జీత్ సింగ్ 2015లో పోయారు. చివరి రోజుల్లోనైనా యూరప్ వేదికల మీద ఆ రాగాలు వాయించి చప్పట్లు విన్నారు, అదొక తృప్తి.

సరే, లండన్.

1987 వేసవిలో లండన్‌కి చెందిన నలుగురు డీజేలు స్పెయిన్‌లోని ఇబిజా ద్వీపానికి సెలవు మీద వెళ్ళారు. పాల్ ఓకెన్‌ఫోల్డ్, డానీ రాంప్లింగ్, నికీ హాలోవే, జానీ వాకర్. అక్కడ అమ్నీషియా అనే, పైకప్పు లేని క్లబ్బులో ఆల్ఫ్రెడో అనే అర్జెంటీనా డీజే రాక్, రెగ్గే, షికాగో హౌస్ అన్నీ కలిపి తెల్లారేదాకా వేస్తుంటే వీళ్ళకి మతిపోయింది. ఆ ఏడాది చివర్లో రాంప్లింగ్ లండన్ సదర్క్‌లో ఒక జిమ్ములో షూమ్ అనే క్లబ్బు రాత్రి మొదలుపెట్టాడు. దాని గుర్తు పసుపుపచ్చ నవ్వుముఖం. ఆ తర్వాత ఓకెన్‌ఫోల్డ్ హెవెన్ క్లబ్బులో సోమవారం రాత్రులు నడిపాడు. మాంచెస్టర్‌లో హసియెండా క్లబ్బు ఉండనే ఉంది. 1988 వేసవికల్లా బ్రిటన్ కుర్రకారంతా ఇందులో పడిపోయింది.

షూమ్ గురించి వెళ్ళినవాళ్ళందరూ చెప్పే సంగతి ఒకటుంది. స్ట్రాబెర్రీ వాసన కలిపిన పొగ వదిలేవారు. ఆ పొగ ఎంత దట్టమంటే పక్కనున్న మనిషి ముఖం కనపడదు. లైటు వెలిగి ఆరుతుంటే ఒక చెయ్యి, ఒక భుజం, అంతే. ఎవరు మంత్రి కొడుకో ఎవరు మెకానిక్కో తెలియదు. వేదిక లేదు. గాయకుడు లేడు. డీజే కూడా మూలన ఎక్కడో ఉంటాడు. జనం ఎటువైపు తిరిగి నిలబడాలి? ఒకరివైపు ఒకరు తిరిగారు.

ముఖమే ఆస్తిగా బతికిన మనిషికి అది ఎలాంటి చోటో ఊహించండి. మూడేళ్ళుగా కెమెరాలు వెంటపడి, ఇంటి ముందు విలేకరులు కాపలా కాసి, ఒక చావుకి కారణమని వేలెత్తి చూపించుకున్న మనిషికి, తన ముఖం ఎవరికీ పట్టని ఒక చీకటి గది దొరికింది. బాయ్ జార్జ్ డబ్బు కోసం అటు వెళ్ళాడని కొందరు రాశారు. ఆ లెక్క నాకు కుదరదు. అతని పేరు మీద ప్రేమ పాట పాడితే వచ్చే డబ్బుకీ, అతను ఈ దారిలో చేసిన రికార్డులకి వచ్చినదానికీ పోలికే లేదు.

1988లో మొదటి అడుగు వేశాడు. అదీ ఒక కోపంలోంచి. ఆ ఏడు థాచర్ ప్రభుత్వం స్థానిక ప్రభుత్వ చట్టంలో 28వ సెక్షన్ చేర్చింది. స్వలింగ ప్రేమను ప్రోత్సహించేలా స్థానిక సంస్థలు ఏమీ చేయకూడదని, బడుల్లో దాన్ని మామూలు కుటుంబ సంబంధంలా చెప్పకూడదని దాని సారం. లైబ్రరీల్లో పుస్తకాలు తీసేశారు, టీచర్లు నోరు మూసుకున్నారు. ఇంగ్లండులో అది 2003 దాకా ఉంది. దాని మీద జార్జ్ "నో క్లాజ్ 28" అని రికార్డు చేశాడు. విని చూడండి, పాత జార్జ్ ఎక్కడా దొరకడు. యంత్రం దరువు, పెట్టె మెలికలు, మధ్యలో నినాదాల్లా మాటలు. గొంతు పాడటంకంటే పిలుస్తున్నట్టు ఉంటుంది. టాప్ 40లోకి రాలేదు. పాటగా అది గొప్పదని నేను అనను, తొందరలో చేసింది. కానీ మిక్స్ చూస్తే నాకొకటి తెలుస్తోంది. అతని గొంతు దరువుకి పైన లేదు, దరువు లోపల ఉంది. దేశమంతా తెలిసిన గొంతుని అలా లోపలికి ఏ ఇంజనీరూ సొంతంగా నెట్టడు. పాడినవాడు చెబితేనే నెడతాడు.

1989లో మోర్ ప్రొటీన్ అని సొంత రికార్డు కంపెనీ పెట్టుకున్నాడు. ఇక పేర్లు దాచడం మొదలైంది. పాటలు రాసిన పేరు ఏంజెలా డస్ట్. అది "ఏంజెల్ డస్ట్" అని ఒక మత్తుమందుకున్న వాడుక పేరు మీద ఆట. బ్యాండు పేరు జీసస్ లవ్స్ యు. ఈ-జీ పొస్సీ అని ఇంకో గుంపు. అందులో జెరెమీ హీలీతో కలిసి వెనక ఉండి పనిచేశాడు, ముందు వినపడే గొంతు ఎంసీ కింకీ అనే అమ్మాయిది. వాళ్ళ రికార్డు "ఎవ్రీథింగ్ స్టార్ట్స్ విత్ ఎన్ ఈ" 1990లో 15వ స్థానానికి వచ్చింది. అందులో అతను పాడడు! వేరే గొంతు ముందు నిలబెట్టి తను వెనక కూర్చున్నాడు. ట్రాక్ పాడి, తర్వాత వేరేవాళ్ళ గొంతు వచ్చి తన గొంతు చెరిపేస్తే ఎలా ఉంటుందో మన ట్రాక్ సింగర్లని అడగండి, కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. ఈయన ఆ స్థానాన్ని తనే ఎంచుకున్నాడు.

ఆ పాట పేరులోని "ఈ" ఏమిటో దాచిపెట్టి మాట్లాడటం నాకు ఇష్టం లేదు. ఎక్స్టసీ మాత్ర. ఈ సంగీతం వెంట ఆ మాత్ర నడిచింది. దాని వల్ల పిల్లలు పోయారు. ఒకప్పుడు మత్తులో మునిగి బయటపడిన మనిషి దాని మీద సరదాగా పాట చేయించడం నాకు నచ్చదు, ఇది నా అభిప్రాయం. 1988 శరదృతువులో పత్రికలు ఈ సంగీతం మీద విరుచుకుపడ్డాయి. అంతకు కొద్ది రోజుల ముందు నవ్వుముఖం టీషర్టులు అమ్మిన పత్రిక కూడా. 1990లో అనుమతి లేని పార్టీలు పెట్టేవాళ్ళకి 20,000 పౌండ్ల దాకా జరిమానా, ఆరు నెలల జైలు అని చట్టం తెచ్చారు. 1994లో ఇంకో చట్టం వచ్చింది. అందులో సంగీతం అంటే ఏమిటో నిర్వచిస్తూ "ఒకదాని వెంట ఒకటి మళ్ళీ మళ్ళీ వచ్చే దరువులు" కూడా అందులోకి వస్తాయని రాశారు. పార్లమెంటు కూర్చుని దరువు మీద చట్టం రాసింది. మత్తుమందు మీద కోపం న్యాయమైనదే. దరువు ఏం చేసింది?

జార్జ్ ఒక్కడే కాదు ఇటు వచ్చింది. ఫ్రాంకీ గోస్ టు హాలీవుడ్ అనే బ్యాండులో ఉన్న పాల్ రదర్‌ఫోర్డ్ 1988లోనే "గెట్ రియల్" అని ఆసిడ్ హౌస్ రికార్డు చేశాడు. న్యూ ఆర్డర్ బ్యాండువాళ్ళు ఇబిజాలో కూర్చుని "టెక్నీక్" ఆల్బమ్ మొదలుపెట్టారు, అది 1989లో మొదటి స్థానానికి వెళ్ళింది. వాళ్ళ సంగతి వేరు, వాళ్ళు మొదటి నుంచీ యంత్రాలతో కాపురం చేసినవాళ్ళు.

నాకు బాధ కలిగించేది పాల్ వెల్లర్ కథ. జామ్ బ్యాండుతో పేరు తెచ్చుకుని, తర్వాత స్టైల్ కౌన్సిల్ పెట్టిన మనిషి. షికాగో హౌస్ మీద మనసు పడి 1989 మొదట్లో "ప్రామిస్డ్ ల్యాండ్" అనే జో స్మూత్ పాటని తన గొంతుతో చేశాడు. 27వ స్థానం. ఆ ఊపులో పూర్తి హౌస్ ఆల్బమ్ రికార్డు చేసి ఇస్తే కంపెనీ విడుదల చేయనంది. జూలైలో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో ఆ పాటలు పాడితే సొంత అభిమానులే ఎగతాళి చేశారు. బ్యాండు ఆగిపోయింది. ఆ ఆల్బమ్ 1998లో పాత పాటల పెట్టెలో భాగంగా బయటికొచ్చింది. ఇప్పుడు వింటే దానిలో ఏ తప్పూ లేదు. కానీ ఒకటి గమనించాను. వెల్లర్ తన పేరుతో, తన ముఖంతో, తన అభిమానుల ముందు వేదిక మీద నిలబడి ఈ పాటలు పాడాడు. ఆ హాలులో కుర్చీలు వేదికవైపు ఉన్నాయి. టిక్కెట్టు కొన్నవాళ్ళు అతన్ని చూడటానికి వచ్చారు. ఈ సంగీతానికి ఆ కుర్చీలు పడవు. జార్జ్ ఆ కుర్చీలు తీసేసి, వేషం తీసేసి వెళ్ళాడు. ఇద్దరికీ ఈ సంగీతం మీద ఉన్న ప్రేమ ఒకటే అయినా ఫలితం అందుకే వేరయిందని నాకనిపిస్తుంది.

ఇక నాకు ప్రాణమైన పాటకి వస్తాను. "బౌ డౌన్ మిస్టర్." 1991. జీసస్ లవ్స్ యు పేరుతో వచ్చింది, బ్రిటన్‌లో 27వ స్థానం. ఇండియాకి వచ్చి వెళ్ళాక, హరే కృష్ణ భక్తులతో తిరిగాక రాసింది. ఇది పూర్తి ఆసిడ్ హౌస్ కాదు, పెట్టె మెలికలు ఇందులో లేవు. కానీ ఆ క్లబ్బుల్లో నాలుగేళ్ళు గడపకపోతే ఇది రాసేవాడు కాదు. గిటారుతో మెల్లగా మొదలవుతుంది, జార్జ్ ఒక్కడే పాడతాడు. తర్వాత ఒక్కొక్కరూ వచ్చి చేరతారు. చర్చిలో పాడే గాస్పెల్ గొంతులు వస్తాయి. ఆశా భోంస్లే గొంతు వస్తుంది. అవును, మన ఆశాగారే. చివరికి హరే రామ హరే కృష్ణ అని గుంపంతా అందుకుంటుంది. అక్కడ జార్జ్ గొంతు వెతకండి. ఉంటుంది, కానీ వందలో ఒకటిగా ఉంటుంది.

మొదటిసారి హెడ్‌ఫోన్స్‌లో విన్నప్పుడు నాకు మా ఊరి రామమందిరం గుర్తొచ్చింది. శనివారం రాత్రి భజన. మా మామయ్య ముందు పాడేవాడు, మంచి గొంతు. మొదట్లో ఆయన ఒక్కడిదే వినపడేది. వెనకవాళ్ళు అందుకునేవాళ్ళు. తాళాలు వేగం పెరిగేకొద్దీ, గుండ్రంగా తిరుగుతూ అడుగులు వేసేకొద్దీ, ఆయన గొంతు మెల్లగా గుంపులో కలిసిపోయేది. పిల్లవాణ్ణి, మామయ్య ఎందుకు ఆపేశాడు అని అమ్మని అడిగాను. "ఆపలేదు రా, అందులోనే ఉన్నాడు" అంది. బాగా పాడగలిగినవాడు కూడా ఆ సమయానికి గట్టిగా పాడడు. అరిస్తే భజన చెడుతుందని అందరికీ తెలుసు.

ఆ పాటకి మన భజనకీ నేరుగా చుట్టరికం ఉందని నేను చెప్పడం లేదు. జార్జ్ విన్నది హరే కృష్ణవాళ్ళ కీర్తన, అది చైతన్యుడి బెంగాల్ నుంచి వచ్చింది. కానీ అతని పని విన్నాకే మా మామయ్య చేసింది నాకు బోధపడింది. చిన్నప్పటి నుంచి చూస్తూ కూడా నాకు అర్థం కాని సంగతి, లండన్ నుంచి వచ్చిన ఒక రికార్డు విప్పి చెప్పింది. అందుకు నేను ఆ మనిషికి రుణపడి ఉన్నాను.

ఆ తర్వాత జార్జ్ ఇంకా వెనక్కి వెళ్ళాడు. తొంభైల్లో డీజే అయ్యాడు. సరదాకి కాదు, వారం వారం క్లబ్బుల్లో రికార్డులు వేసే పని. లండన్ క్లబ్బు మినిస్ట్రీ ఆఫ్ సౌండ్ 1995లో మొదలుపెట్టిన "ది యాన్యువల్" సంకలనంలో ఒక డిస్కు డీజే పీట్ టాంగ్‌ది, ఇంకొకటి బాయ్ జార్జ్‌ది. కోట్ల రికార్డులు అమ్మిన గాయకుడు రాత్రంతా వేరేవాళ్ళ పాటలు ఒకదానికొకటి అతుకుతూ, ఒక్క ముక్క కూడా పాడకుండా నిలబడేవాడు. పాడటం మానలేదు, తర్వాత కల్చర్ క్లబ్ మళ్ళీ కలిసింది, ఇవాళ్టికీ "కర్మ కెమీలియన్" పాడతాడు. జనం అడుగుతారు, పాడతాడు. మంచిదే. మా నాయనమ్మ చెప్పిన ఏడుపు గొంతులో ఇంకా ఉంది.

మొన్న ఒక కుర్ర సంగీత దర్శకుడు నా దగ్గరికి ఒక పాట తెచ్చాడు. పేరున్న గాయని పాడింది. రెండో చరణం తర్వాత కోరస్ వచ్చే చోట, ఆవిడ గొంతుని కోరస్‌తో సమానం చేద్దామా అన్నాను. అతను భయపడ్డాడు. ఆవిడ ఏమంటారో అని. సరే అడుగుదామని ఆవిడకే ఫోన్ చేశాం. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇంకొంచెం తగ్గించండి, నేను వాళ్ళ మధ్య ఉన్నట్టు ఉండాలి" అన్నారు. ఆ పాట ఇంకా బయటికి రాలేదు, అందుకే పేరు చెప్పడం లేదు. కానీ గొంతు పెంచి తగ్గించే ఆ మీట, ఫేడర్, కిందికి దించుతుంటే నా వేలు వణికింది. ఇన్నేళ్ళలో పల్లవి దగ్గర గొంతుని కిందికి దించడం నాకదే మొదటిసారి.

ఇప్పుడు "బౌ డౌన్ మిస్టర్" వేస్తాను. కూర్చుని వింటే సగమే వినపడుతుంది, కాళ్ళు బాగున్నవాళ్ళు లేవండి. ఆ కుర్చీలు కాస్త గోడకి జరపండి, బాబూ, ఆ చివరి వరస కూడా. లైటు ఒకటి చాలు. మొదట ఒక్క గొంతే వస్తుంది, కంగారు పడకండి. హరే రామ దగ్గరికి వచ్చేసరికి మీరు కూడా అందుకోండి. మాటలు మీకు వచ్చినవే.

(పాట వేశారు.)